కింది వాటా నీళ్ళు

ఎండిన మట్టి మీద మొదటి చెంబెడు నీళ్ళు పడితే ఒక చప్పుడొస్తుంది.

ఇస్స్... అని.

దప్పికతో ఉన్న మనిషి గుక్క దిగాక వదిలే ఊపిరిలా ఉంటుంది. ఆ తర్వాత వాసన. ఆ తర్వాత మట్టి రంగు మారుతుంది. బూడిదరంగు నల్లబడుతుంది. ఇంకో రెప్పపాటులో నీళ్ళు కనిపించవు.

పోసినట్టే ఉండదు.

నేను చేసిన పనికి సాక్ష్యం కూడా అలాగే ఇంకిపోయింది.

అది ఎండలు ముదిరిన నెల. పొద్దున తొమ్మిదింటికే మేడ మీది గచ్చు అరికాలు ఆననిచ్చేది కాదు. మధ్యాహ్నం తలుపు గడియ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేది. సాయంత్రం ఆరు దాటినా గోడలు తాగిన ఎండని కక్కుతూనే ఉండేవి.

ఆ గచ్చు మీద నావి పద్నాలుగు కుండీలు.

నాలుగు టమాటా. మూడు వంగ. మూడు బెండ. రెండు మిరప. ఒక చిక్కుడు. పగిలిపోయిన బట్టల టబ్బులో ఒక బీర.

అంతకు ముందు మూడు వేసవులు మూడు ఓటములు. మొదటి ఏడు టమాటా విరగపూసింది - వేడిగాలికి పూతంతా రాలిపోయి కుండీ చుట్టూ పసుపు చల్లినట్టయింది. రెండో ఏడు చిక్కుడుకి పేనుబంక పట్టింది. సబ్బునీళ్ళు కొట్టాను, బూడిద చల్లాను, చివరికి ఒక్కో ఆకూ గుడ్డతో తుడిచాను. తుడిచినన్ని పురుగులు తెల్లారేసరికి మళ్ళీ ఉండేవి. మూడో ఏడు చుట్టాలింటికి నాలుగు రోజులు వెళ్ళొచ్చాను. వచ్చేసరికి కుండీల్లో పుల్లలున్నాయి.

"నీ చేతికి మొక్కలు అచ్చిరావులే," అనేవాడు మా ఆయన. నవ్వుతూనే అనేవాడు. అయినా గుచ్చుకునేది.

నాలుగో ఏడు బీర నిలబడింది.

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను. ఫ్రేము ముక్కు మీద సరిగ్గా కూర్చుందో లేదో చూసి, అద్దాలు తుడిచి ఇవ్వడం నా పని. ఒకరోజు ఫోన్లో బీరతీగ ఫొటో చూపించాను. పందిరి మీద కాదు, బట్టలారేసే తీగ మీద - ఈ చివర నుంచి ఆ చివరకి పాకింది. దుకాణంలో వాళ్ళంతా మూగారు.

"అబ్బో, రైతమ్మా," అన్నాడు లెన్సులు అరగదీసే ఆయన.

ఆ రోజు నుంచి దుకాణంలో నా పేరు రైతమ్మ. పొద్దున్నే వెళ్ళగానే "ఏం రైతమ్మా, కాపెలా ఉంది?" అనేవారు. యాభై ఏళ్ళొచ్చాక దొరికిన పేరు. ఎవరూ చూడనప్పుడు ఆ పేరుని నేను నెమరేసుకునేదాన్ని.

ఆ పేరు ఎండిపోకూడదనుకున్నాను.

మాది మూడు వాటాల ఇల్లు. మధ్య వాటాలో ఇంటావిడ. పై వాటాలో నేనూ మా ఆయనా. కింది వాటాలో కుట్టుపని చేసే ఆవిడ, ఆమె అత్త. కుట్టుపని ఆవిడ నా కన్నా పదేళ్ళు చిన్న. భర్త పోయాడు. అత్తనీ కుట్టుమిషన్నీ వదిలిపోయాడు అని ఆమే అనేది, "రెండూ ఆగకుండా మోగుతాయి" అని. లోపల్నుంచి అత్త, "మిషన్‌కైనా నూనె పోస్తావు, నాకదీ లేదు" అనేది.

ఎండాకాలం ఆమెకి ఊపిరాడని కాలం. బడులు తెరిచేలోగా పిల్లల యూనిఫారాలు కుట్టాలి. గదంతా నీలం గుడ్డ. గుమ్మం దాకా దారప్పోగులు. ఏడాది మొత్తం ఆ రెండు నెలల మీద నడుస్తుంది.

మేడ మీద మూడు నల్ల ట్యాంకులు. ఒక్కో వాటాకి ఒకటి. బోరు అడుగంటింది. ఇంటావిడ రెండు రోజులకోసారి మోటారు వేసేది. గంటసేపు. మూడు ట్యాంకుల్లోకీ సమానంగా.

ఒకరోజు ఇంటావిడ అందర్నీ మెట్ల దగ్గరికి పిలిచింది.

"తాగడానికీ వండటానికే కటకటగా ఉంది. మొక్కలకి ట్యాంకు నీళ్ళు పొయ్యకండి. ఎవరైనా సరే," అంది.

ఎవరైనా సరే అని నా వంకే చూసింది. ఆ ఇంట్లో మొక్కలు నాకే ఉన్నాయి మరి.

"నేను ఎప్పుడో మానేశానండీ. వంటింట్లో కడిగిన నీళ్ళే పోస్తున్నాను," అన్నాను.

ఆ రోజుకి అది నిజమే.

అబద్ధం కావడానికి ఇంకా తొమ్మిది రోజులుంది.

బీరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. ఆడపువ్వు కింద చిటికెనవేలంత పిందె ముందే ఉంటుంది. తేనెటీగలు రాని మేడ మాది. నేనే మగపువ్వు తెంపి, దాని పుప్పొడి ఆడపువ్వుకి అద్దేదాన్ని. మూడు పిందెలు నిలిచాయి. మూడే. నాలుగేళ్ళలో మూడు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం తీగ వేలాడిపోయింది. ఆకులు తడిగుడ్డల్లా కిందికి జారాయి. పాత దుప్పటి నీడ కట్టాను. మొదలు చుట్టూ ఎండుటాకులు కప్పాను. కూరలు కడిగిన నీళ్ళు పోశాను... అవి వేరు దాకా వెళ్ళకుండానే ఆరిపోయాయి. మర్నాడు తెల్లవారి చూస్తే ఒక పిందె కొస పసుపురంగుకి తిరిగింది.

మా ఆయన బస్సు డ్రైవరు. మొదటి బస్సు ఆయనదే. ఆయన్ని పంపించి, వెలుతురు రాగానే నేను మేడెక్కేదాన్ని. ఇల్లంతా నిద్రలో ఉండేది.

మా ట్యాంకు మూత తీసి కర్ర ముంచి చూశాను. మా ఇద్దరికీ బొటాబొటి. ఇంటావిడ ట్యాంకు జోలికి వెళ్ళలేను, ఆవిడ రోజూ మూత తీసి చూసుకుంటుంది.

కింది వాటా ట్యాంకు మూలన, నా కుండీల పక్కనే ఉంది. అడుగున కడగడానికి చిన్న కుళాయి. నా దగ్గరున్న రబ్బరు గొట్టం ఆ కుళాయి దాకానే అందుతుంది.

గొట్టం పొడవంతే... అని నాకు నేను చెప్పుకున్నాను.

ఒక్క చెంబే అని చెప్పుకున్నాను.

కుళాయి తిప్పాను. మట్టి ఇస్స్ అంది.

సాయంత్రానికి ఆకులు లేచి నిలబడ్డాయి. నా ప్రాణం లేచి వచ్చినట్టయింది. దుకాణంలో వాళ్ళకి ఫొటో చూపించాను.

ఒక్క చెంబు - మర్నాడు ఒక్క చెంబు. బీర ఒక్కదానికే పోస్తే వంగ చూస్తున్నట్టుండేది. వంగకి పోస్తే టమాటా. టమాటా కాయల అడుగు నల్లబడుతుంటే, నీళ్ళు ఒకరోజు ఉండి ఒకరోజు లేకపోతే అలాగే అవుతుందని దుకాణానికి వచ్చిన ఒకాయన చెప్పాడు. అందుకని రోజూ సమంగా పోశాను. సమంగా. ఎంత జాగ్రత్త నాది.

పది రోజులకి చెంబు పోయి గొట్టం మిగిలింది.

కింది వాటాలో నీళ్ళు ఒకరోజు ముందే అయిపోవడం మొదలైంది.

"నీళ్ళు కూడా చుట్టాల్లా తయారయ్యాయి. వస్తామంటారు, రారు," అనేది అత్త గుమ్మంలో కూర్చుని. ఆమె మోకాళ్ళు పనిచేయవు. గుమ్మమే ఆమె ఊరు, వీధి, అన్నీ. వచ్చేపోయే వాళ్ళందరితో ఒక మాట ఆడనిదే ఊరుకోదు.

ఇంటావిడ ప్లంబర్‌ని పిలిపించింది. అతను పైపులన్నీ తడిమాడు. రెండు బిగింపులు బిగించాడు. "ఎక్కడా కారడం లేదమ్మా," అని వెళ్ళిపోయాడు.

"మరి ఏమవుతున్నట్టు?" అంది కుట్టుపని ఆవిడ.

"ఎండకి ఆవిరైపోతున్నాయేమో," అన్నాను.

నేనే అన్నాను. ఎవరూ నన్ను అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అడక్కుండానే అన్నాను.

ఆమె తలూపింది. నమ్మింది.

ఆ వారమే ఒక సాయంత్రం ఆమె మేడ మీదికి వచ్చింది. చేతిలో బకెట్. అందులో సగానికి పైగా తెల్లటి నీళ్ళు. మూడు అంతస్తులు మోసుకొచ్చి రొప్పుతోంది.

"బియ్యం కడిగిన నీళ్ళక్కా. గిన్నెలు తొలిచినవి కూడా, సబ్బు లేకుండా తీశాను. నీ మొక్కలు వంటింటి నీళ్ళ మీదే బతుకుతున్నాయన్నావుగా ఆ రోజు. నువ్వొక్కదానివే ఎన్నని పోస్తావ్?"



"వద్దు... నువ్వెందుకు ఇంత దూరం మోయడం," అన్నాను ఎప్పటికో.

"పారబోసేవేగా."

పారబోసేవి కావు. వాళ్ళకి పారబోసేన్ని నీళ్ళు లేవు. ఆ నీళ్ళతో ఆమె గుమ్మం కడుక్కోవచ్చు, మసిగుడ్డలు తడుపుకోవచ్చు. నాకు తెలుసు.

ఆమె వంగి బీర మొదట్లో పోసింది. తడిగానే ఉన్న మట్టి. పొద్దున నేను పోసిన ఆమె నీళ్ళే ఇంకా ఆరలేదు.

"ఇంకా చెమ్మగానే ఉందే," అంది.

"దుప్పటి నీడ కట్టాను కదా," అన్నాను.

రోజు విడిచి రోజు వచ్చేది. కుట్టి కుట్టి నడుం పట్టేస్తోందనీ, మెట్లెక్కితే బాగుంటుందనీ అనేది. వచ్చి ఒక్క నిమిషం కూడా కూర్చునేది కాదు. కాయని వేలితో తాకి చూసేది. "ఎంత పొడుగైందో," అనేది. ఒకసారి మొదటి బీరకాయ కోసి ఆమె చేతిలో పెట్టాను. రెండు చేతుల్తో తీసుకుంది. కళ్ళకద్దుకుంది.

నేను తల తిప్పుకున్నాను.

ఆ రోజైనా ఆపి ఉండాల్సింది... ఆపలేదు. ఆపితే ఆకులు వాలిపోతాయి. వాలిపోతే, ఏమైందని ఆమే ముందు అడుగుతుంది.

ఒక బుధవారం సాయంత్రం. నేను తీగకి పురికొస కడుతున్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. తర్వాత ఒక జారుడు. తర్వాత బకెట్ దొర్లుతున్న చప్పుడు - ఒక మెట్టు, ఒక మెట్టు, ఒక మెట్టు... కింది దాకా.

మనిషి చప్పుడు లేదు.

పరిగెత్తాను. రెండో మలుపులో ఆమె గోడకి ఆనుకుని కూర్చుంది. కుడిచేతిని ఎడమచేత్తో ఒడిలో పెట్టుకుంది, ఎవరిదో చంటిబిడ్డని పెట్టుకున్నట్టు. తెల్లటి నీళ్ళు మెట్లన్నిటి మీదా పల్చగా పారుతున్నాయి.

"నీళ్ళన్నీ పోయాయక్కా," అంది.

ముందు ఆ మాటే అంది.

మణికట్టు రెండుచోట్ల విరిగింది. మోచేతి దాకా కట్టు. ఆరు వారాలు కదపకూడదన్నాడు డాక్టరు. కుడిచెయ్యి. కత్తెర పట్టే చెయ్యి, గుడ్డ నడిపించే చెయ్యి.

యూనిఫారాల మూటలు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. తల్లులు వచ్చారు, అయ్యో అన్నారు, పిల్లల కొలతల చీటీలతో సహా తీసుకుని ఇంకో కుట్టేవాళ్ళ దగ్గరికి పోయారు. ఎవరినీ తప్పుపట్టలేదామె. గుమ్మం దాకా వచ్చి మూట అందించేది, ఎడమచేత్తో. గదిలో నీలం తగ్గిపోయింది. చివరికి గోడ కనిపించింది.

నేను వాళ్ళింటికి పొద్దునా సాయంత్రం వెళ్ళాను. అన్నం వండాను, ఊడ్చాను, అత్తకి ఒళ్ళు తుడిచాను. టమాటాలూ వంకాయలూ తీసుకెళ్ళాను.

"తోడబుట్టిన వాళ్ళు కూడా ఇంత చెయ్యరు," అంది అత్త.

"అక్క చెయ్యి చల్లనిది," అంది ఆమె.

ఇంటావిడ కూడా మెట్ల మీద ఎదురైనప్పుడు నా భుజం తట్టింది. దొంగకి తేలు కుట్టినట్టుంది నా పని. అరవలేను, ఓర్చుకోలేను.

ఆమె పడిన మర్నాడు పొద్దున నేను ఆ కుళాయి ముట్టుకోలేదు. ఆ మర్నాడు కూడా.

మూడో రోజు బీర వాలిపోయింది. ఇంకో రెండు కాయలున్నాయి తీగకి.

నేను చెంబు తీసుకున్నాను.

ఇది చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. కానీ జరిగింది ఇదే. ఆమె చేతికి కట్టు వేశాక మూడో రోజున, వెలుతురు రాగానే, నేను మళ్ళీ ఆ కుళాయి తిప్పాను. ఒక్క చెంబే అనుకున్నాను. ఆ రోజు నుంచి మళ్ళీ రోజూ.

అత్తకి జుట్టు మోకాళ్ళ దాకా ఉండేది. తెల్లగా, ఒత్తుగా. ఆ వయసులో అంత జుట్టు నేనెక్కడా చూడలేదు. కూర్చున్న చోటే అల్లుకునేది, విప్పుకునేది, మళ్ళీ అల్లుకునేది. ఆమెకి అదొక్కటే వ్యాపకం. ఆదివారం కోడలు తలకి పోసేది. నాలుగు బకెట్లు పట్టేది.

ఇప్పుడు నాలుగు బకెట్లు లేవు. పోసే చెయ్యీ లేదు. తల చెమటకి పుండ్లు పడింది.

"కత్తిరించెయ్యవే," అంది అత్త ఒకరోజు, కోడలితో కాదు, నాతో. "దానికి చెయ్యి లేదు. నువ్వు కత్తిరించు."

కోడలు గుడ్డలు కోసే పెద్ద కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టింది. దాని పిడిలో ఆమె బొటనవేలు ఆనే చోట అరిగి గుంట పడింది. నా వేలు అందులో కూర్చోలేదు.

గుమ్మంలో ముక్కాలిపీట వేసి కూర్చోబెట్టాం. జడ చేతిలోకి తీసుకున్నాను. బరువుగా ఉంది. తాడంత మందం. కత్తెర ఒక్కసారికి తెగలేదు. నమిలింది. రెండోసారి... మూడోసారి...

తెగిన జడ నా చేతిలో వేలాడింది.

అత్త మెడ మీద చెయ్యి పెట్టి తడుముకుంది. అక్కడ ఏమీ లేదు. మళ్ళీ తడుముకుంది.

"హమ్మయ్య. తల తేలికైంది," అంది. "ఇంక ఒక్క చెంబు చాలు నాకు."

ఒక్క చెంబు.

కోడలు గోడ వైపు తిరిగి నిలబడింది.

నేను జడని కాగితంలో చుట్టాను. ఎక్కడ పెట్టాలో తెలియలేదు.  మిషన్ మీద పెట్టి వచ్చేశాను.

మర్నాడు పొద్దున మేడెక్కాను. కుళాయి ముందు కూర్చున్నాను. బీర ఆకులు గాలికి ఆడుతున్నాయి, పచ్చగా, నిగనిగలాడుతూ. మూడు రోజులకి కోతకొచ్చే కాయ ఒకటి నా మొహానికి ఎదురుగా వేలాడుతోంది. దాని మీద గీతలు లెక్కపెట్టాను. పది గీతలు.

లేచాను. గొట్టం ఊడదీశాను. కిందికి వెళ్ళాను.

అత్త లోపల నిద్రపోతోంది. కోడలు కిటికీ దగ్గర కూర్చుని ఎడమచేత్తో ఒక చొక్కాకి గుండీ కుట్టడానికి ప్రయత్నిస్తోంది. గుడ్డని కట్టు కింద అదిమిపెట్టింది. సూది జారుతోంది.

"నీతో ఒక మాట చెప్పాలి," అన్నాను.

"చెప్పక్కా."

"మీ ట్యాంకు నీళ్ళు... ఎండకి ఆవిరవ్వడం లేదు."

తలెత్తింది.

"నేనే తీసుకున్నాను. మొక్కలకి."

ఆమె సూదిని చొక్కాకి గుచ్చి పక్కన పెట్టింది. జాగ్రత్తగా పెట్టింది. ఎవరికీ గుచ్చుకోకుండా.

"ఎప్పటినుంచి?"

"బీర పిందె వేసినప్పటినుంచి."

"అంటే, నేను బకెట్ తెచ్చినప్పుడు కూడా?"

"అవును."

"పడిన తర్వాత?"

కాదని అనొచ్చు. రెండు రోజులు ఆపాను కదా, ఆ రెండు రోజుల్ని పట్టుకుని వేలాడొచ్చు. నోటిదాకా వచ్చింది.

"పడిన తర్వాత కూడా," అన్నాను.

ఫ్యాను తిరుగుతోంది. ప్రతి చుట్టుకీ ఒకసారి కిర్రుమంటోంది. 

"ఇప్పుడు నాకెందుకు చెప్తున్నారు?" అంది.

చెప్తున్నారు అంది.

నాలుగేళ్ళుగా నువ్వు అన్న మనిషి. అక్కా, నువ్వు తిన్నావా. అక్కా, నువ్వు కూర్చో.

"మనసు ఊరుకోలేదు..." అన్నాను.

"మరి ఇప్పుడు ఊరుకుందా మీ మనసు?"



"వెళ్ళండి. అత్తయ్య లేస్తుంది," అంది.

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే వెంట మోసుకుపోవడానికి ఆ కోపమైనా ఉండేది.

ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆయనకి చెప్పాను. ముద్ద చేతిలోనే ఆగింది. ఆయన ఏదీ పెద్దగా అనే మనిషి కాదు.

"నా స్నానానికి రెండు బకెట్లు పెట్టేదానివి. అందులో ఒకటి తీసుకోవాల్సింది," అన్నాడు. కాసేపాగి, "అడగాల్సింది," అన్నాడు.

మర్నాటి నుంచి సగం బకెట్‌తో స్నానం చేశాడు. నేనూ అంతే. మోటారు వేసిన రోజు మా ట్యాంకులోంచి రెండు బకెట్లు నింపి కింది వాటా గుమ్మం ముందు పెట్టి, మూత పెట్టి వచ్చాను.

మొదటి రోజు మధ్యాహ్నం దాకా అవి అక్కడే ఉన్నాయి. మూతల మీద దుమ్ము పడింది. సాయంత్రం దుకాణం నుంచి వస్తుంటే అత్త కనిపించింది. గుమ్మంలో కూర్చున్న చోటునుంచే చేతికర్ర కొక్కేన్ని బకెట్ పిడికి తగిలించి లోపలికి లాగుతోంది. పొట్టి జుట్టుతో మొహం చిన్నదైపోయింది.

"నీళ్ళతో అలకేంటే," అంటోంది లోపలికి వినబడేలా. "నీళ్ళ మీద ఎవరి పేరూ రాసి ఉండదు."

నన్ను చూసింది. ఎప్పుడూ ఒక మాట ఆడనిదే ఊరుకోని మనిషి... ఏమీ అనలేదు. బకెట్ లాక్కుంది.

కోడలు అత్తకి చెప్పిందని అప్పుడు తెలిసింది.

ఇంకెవరికీ చెప్పలేదు. ఇంటావిడ పిలుస్తుందని రోజూ ఎదురుచూశాను. ఆవిడ ఎదురుపడినప్పుడల్లా ఇదిగో, ఇప్పుడు అడుగుతుంది అనుకునేదాన్ని. ఆవిడ ఎండల గురించే మాట్లాడేది. మళ్ళీ భుజం తట్టింది ఒకసారి. ఆ చెయ్యి కన్నా చెంపదెబ్బ నయం.

నేనే ఇంటావిడకి చెప్పొచ్చు. చెప్పలేదు. అది కూడా నా ఖాతాలోదే.

కుండీలకి మా వంటింటి నీళ్ళే పోశాను. పద్నాలుగులో నాలుగు మిగిలాయి. మిరపలు రెండూ, ఒక వంగ, ఒక బెండ. బీరకి వారం రోజులు పట్టింది చావడానికి. చివరి కాయ తీగ మీదే ఎండి పీచయింది.

టబ్బు బోర్లించి తీగ పీకాను. వేళ్ళు టబ్బు ఆకారంలోనే ముద్దగా చుట్టుకుని ఉన్నాయి, పీటలా, అడుగుదాకా, సందు లేకుండా. అన్ని నీళ్ళు ఎక్కడికి పోయాయని నేనెప్పుడూ అనుకోలేదు. అప్పుడు చూశాను.

"ఏం రైతమ్మా, ఫొటోలు లేవు?" అన్నారు దుకాణంలో.

"ఎండిపోయాయి," అన్నాను.

"పాపం. ఈసారి ఎండలు అలాంటివి," అన్నారు.

కట్టు విప్పారు. బడులు తెరిచి రెండు వారాలు దాటాక. మణికట్టు సన్నగా, కర్రలా, పాలిపోయి ఉందని ఇంటావిడ చెప్పింది. వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదట. చెయ్యి ఆడిస్తూ ఉంటే కొన్నాళ్ళకి రావచ్చు అన్నాడట డాక్టరు. రాకపోనూవచ్చు అన్నాడట.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున నేను మెట్లు దిగుతున్నాను. బకెట్లు అక్కడ పెట్టి వచ్చేయడమే. తలుపు దగ్గరగా వేసి ఉండేది రోజూ.

ఆ రోజు తీసి ఉంది.

ఆమె మిషన్ ముందు కూర్చుంది. బల్ల మీద ఒక చిన్న గౌను ముక్కలు, కత్తిరించి ఉన్నాయి. వంకరగా. సూది దగ్గర మొహం పెట్టి దారం ఎక్కించబోతోంది. వేళ్ళు వణుకుతున్నాయి. దారం కొస సూది పక్కనుంచి పోతోంది. మళ్ళీ. మళ్ళీ.

అత్త మంచం మీద నుంచి చూస్తోంది. ఆమె కళ్ళకి సూదే కనిపించదు.

బకెట్లు గుమ్మం ముందు పెట్టాను. వెనక్కి తిరిగాను.

"కొంచెం ఈ దారం ఎక్కిస్తారా," అంది వెనకనుంచి.

నన్నే. అక్కడ ఇంకెవరూ లేరు.

చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. ఆమె లేవలేదు. పక్కకి జరిగింది. ఆ జరిగిన మేరలోనే వంగి నిలబడ్డాను. దారం కొస పట్టుకున్నాను. ఊళ్ళో అందరి అద్దాలు సరిచేసే దాన్ని, ఆ చిన్న కన్ను నాకు అలుక్కుపోయి కనిపించింది. దారం పక్కనుంచి పోయింది.

ఆమె మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. ఊపిరి వినబడుతోంది. నా వైపు చూడటం లేదు. సూది వైపే చూస్తోంది.

రెండోసారి. దారం కొస విడిపోయి రెండు పోగులైంది.

"ఇంకొంచెం కిందికి," అంది.

నువ్వు లేదు అందులో. మీరు లేదు. ఎటు లాగినా ఎటూ రాదు ఆ మాట.

దారం కొస నోట్లో పెట్టుకున్నాను, తడపడానికి.

తడి చాలలేదు.